చక్రం కింద చెక్క

గోడౌనులో అతన్ని అందరూ ఓనరు అనేవాళ్లు. గౌరవంతో కాదు. పదకొండేళ్ల కిందట పార్సిల్ కంపెనీ వాళ్లు అగ్రిమెంటు ముందు పెట్టి, "ఇవాళ్టి నుంచి మీరు ఎవరి కిందా పనిచేసేవాళ్లు కాదు. మీ బండి, మీ వ్యాపారం, మీరే యజమాని" అని చెప్పిన మర్నాడు అతను మిఠాయి డబ్బా పట్టుకొచ్చి డ్రైవర్లందరి చేతుల్లోనూ ఒక్కో ముక్క పెట్టాడు. ఏంటి విశేషమని అడిగితే, "ఓనర్నయ్యాను" అన్నాడు. నిజానికి అక్కడున్న నలభై మందీ అదే కాగితం మీద సంతకం పెట్టారు. అందరూ ఓనర్లే. మిఠాయి పంచింది మాత్రం అతనొక్కడే. అందుకని పేరు అతనికే అతుక్కుంది.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. బండి అతనిది. బండి రంగు కంపెనీది. ఆ రంగు వేయించుకున్న ఖర్చు మళ్లీ అతనిది. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉండాలని చెప్పేది కంపెనీ. ఏ వీధికి ముందు పోవాలో, ఏ ఇంటి ముందు ఎంతసేపు నిలబడాలో చెప్పేది చేతిలో మిషను. స్టాపుకి రెండు నిమిషాలు. మూడో నిమిషం పడితే మిషను కీచుమంటుంది. ఒంటి మీద ఆకుపచ్చ చొక్కా, జేబు మీద కంపెనీ బొమ్మ. ఒకసారి గడ్డం రెండు రోజులు పెరిగితే సూపర్‌వైజర్ ఫోటో తీసి మరీ పంపాడు.

"అదేంటి బావా, ఓనరు గడ్డం ఎప్పుడు గీసుకోవాలో కూడా వాళ్లే చెప్తారా?" అని బామ్మర్ది పడీపడీ నవ్వాడు.

బామ్మర్ది అంటే ఓనరు భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. స్కూలు బస్సు డ్రైవరు. మనిషి సన్నగా, మాట గట్టిగా ఉండేవాడు. ఇంటికొచ్చాడంటే గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఒక జోకు విప్పేవాడు. వారానికి ఒకసారైనా అక్క చేతి అన్నం తినకపోతే వాడికి తోచదు. పెళ్లాంతో వచ్చి, తిన్నంతసేపూ బావని ఆటపట్టించేవాడు.

"బావా, నాకు రేపు సెలవిస్తావా?"

"నువ్వు నా దగ్గర పని చెయ్యట్లేదు కదరా."

"మరి నువ్వూ ఎవరి దగ్గరా చెయ్యట్లేదంటావుగా. నువ్వెందుకు తీసుకోవు?"

"నేను తీసుకుంటే రూటు పోతుంది."

"అక్కా, వింటున్నావా? మీ ఆయన సెలవు పెడితే మీ ఆయన్నే మీ ఆయన ఉద్యోగంలోంచి తీసేస్తాడంట."

అక్కా, మరదలూ వంటింట్లోంచి నవ్వేవాళ్లు. ఓనరు కూడా నవ్వేవాడు. అయినా లోపల ఎక్కడో చురుక్కుమనేది. బామ్మర్దికి జీతం ఉంది, ఎండాకాలం సెలవులున్నాయి, జ్వరమొస్తే చెప్పుకునే ఆఫీసుంది. తనకి బండి ఉంది.

ఆ బండి హ్యాండ్‌బ్రేకు రెండేళ్లుగా సరిగ్గా పట్టేది కాదు.

చదును రోడ్డు మీద ఫరవాలేదు. పెద్దాసుపత్రి వెనకాల ఒక వీధి ఉంది, నిచ్చెన వేసినట్టు నిలువుగా ఉంటుంది. అక్కడ బ్రేకు లాగి దిగితే బండి ఒక అర నిమిషం ఆలోచించి, తర్వాత మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టేది. మొదటిసారి అలా జరిగినప్పుడు ఓనరు పరిగెత్తి ఎక్కి ఆపాడు. ఆ రోజే సూపర్‌వైజర్‌కి చెప్పాడు.

సూపర్‌వైజర్ వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. తలెత్తకుండానే, "బండి మీది ఓనరుగారూ. ఎప్పుడైనా చేయించుకోండి, నన్నడగక్కర్లేదు. పనిరోజు మాత్రం ఆపకండి. ఆపితే ఇంకో బండి, ఇంకో మనిషిని మీరే పెట్టాలి. లేదంటే రూటు వేరేవాళ్లకిస్తారు, నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

వారానికి ఒకరోజు గోడౌను మూసేవాళ్లు. ఆ రోజే మెకానిక్ షెడ్డూ మూసేవాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఓనరు తనకు తోచిన దారి వెతుక్కున్నాడు. ఇంట్లో విరిగిపోయిన మంచం కోడు ఒకటుంటే వడ్రంగి చేత ఏటవాలుగా కోయించాడు. దానికి బెజ్జం పెట్టించి, మూరెడు నైలాను తాడు కట్టాడు. ఎత్తు వీధిలో బండి ఆపగానే సీటు వెనకాల పెట్టుకున్న చెక్క తీసి వెనక చక్రం కింద ఒక తన్ను తన్నేవాడు. పార్సిలు ఇచ్చి వచ్చాక బండిని కాస్త ముందుకి పోనిచ్చి, తాడు పట్టి లాగేసుకునేవాడు. నెల తిరిగేసరికి చెయ్యి దానంతటదే డ్రైవరు సీటు వెనక్కి పోయేది. రెండు నెలలకి, తను ఒక చెక్క వాడుతున్నానన్న సంగతి కూడా అతనికి గుర్తుండేది కాదు. ఊపిరి తీస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది?

ఆ ఎండాకాలం అతనికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు. పొద్దున లేచి చొక్కా తొడుక్కోబోతే బొత్తాం దొరకలేదు, చేతులు అంతగా వణికాయి. భార్య చొక్కా లాక్కుని అవతల పడేసింది. ఆరూ పదికి సూపర్‌వైజర్ ఫోను చేశాడు.

"ఏంటి ఓనరుగారూ, గేటు దగ్గర కనబడలేదు?"

"జ్వరం బాబూ. లేవలేకపోతున్నా."

"అయ్యో. మరి మనిషిని పంపిస్తున్నారా?"

"ఇప్పటికిప్పుడు ఎవర్ని పంపను?"

"అగ్రిమెంటులో ఉందిగా, పన్నెండో క్లాజు. మీరు రాకపోతే మీ బదులు మనిషిని పంపే హక్కు మీకుంది."

హక్కు. ఆ ముక్క అతను ముద్దుగా అన్నాడు, ఏదో కానుక ఇస్తున్నట్టు. ఎనిమిదింటిలోగా మనిషి రాకపోతే ఏమవుతుందో కూడా అంతే ముద్దుగా చెప్పాడు.

బామ్మర్దికి ఫోను చేసింది అక్కే. స్కూలుకి సెలవులు. వాడు పావుగంటలో వచ్చాడు, జుట్టు కూడా దువ్వుకోలేదు.

"లే బావా, లేచి నాకో అపాయింట్‌మెంట్ ఆర్డరు రాయి. మూడు రోజులు నువ్వు నా ఓనరువి."

"తమాషా కాదురా. మిషను తొందరపెడుతుంది, కంగారు పడకు."

"అరవై మంది పిల్లలు ఒకేసారి అరుస్తుంటే బస్సు నడిపేవాణ్ణి. నీ మిషను నాకో లెక్కా?"

మంచంలో పడుకునే ఓనరు రూటంతా చెప్పాడు. ఏడో స్టాపులో కుక్క ఉంది, అరుస్తుంది గాని కరవదు. పదకొండులో ముసలావిడకి బెల్లు వినబడదు, కిటికీ తట్టాలి. పదిహేడులో వాచ్‌మన్ సంతకం పెట్టడు, బతిమాలుకోవాలి. ఎడమ అద్దం వదులుగా ఉంది. రెండో గేరు గట్టిగా పడుతుంది. రివర్సు వేసేటప్పుడు కాస్త పైకి లేపి వెయ్యాలి. ఇరవై రకాలు చెప్పాడు. చెక్క సంగతి చెప్పలేదు.

దాచలేదు. గుర్తు రాలేదు.

గోడౌనులో సూపర్‌వైజర్ బామ్మర్ది లైసెన్సు ఫోటో తీసుకున్నాడు, మిషను వాడటం గంటసేపు నేర్పాడు, కొత్త ఆకుపచ్చ చొక్కా ఒకటి తొడిగించాడు. గేటు పుస్తకంలో పేరు రాయలేదు. "ఓనరుగారి మనిషి" అని రాశాడు. బదులు వచ్చినవాళ్లందరికీ అలాగే రాసేవాళ్లు.

మొదటి రోజు సాయంత్రం వాడు వచ్చి కుక్క కథ చెప్పాడు. రెండో రోజు వాచ్‌మన్ కథ. "బావా, వాడు నా దగ్గర మూడు సంతకాలు పెట్టాడు, ఒకటి నా అరచేతి మీద" అని చూపించాడు. ఓనరు జ్వరంలోనే నవ్వాడు. ఆ రెండు రోజులూ ఆసుపత్రి వెనక వీధికి పార్సిలు పడలేదు.

మూడో రోజు పడింది.

బామ్మర్ది నడిపే స్కూలు బస్సుకి నెలనెలా తనిఖీ ఉండేది. ఆ బస్సు బ్రేకు లాగితే కొండ మీదైనా కదలదు. పదేళ్లుగా అలాంటి బండి నడిపినవాడు బ్రేకు లాగాక వెనక్కి తిరిగి చూడడు. ఇంజను ఆపలేదు. రెండు నిమిషాల స్టాపుకి ఎవరూ ఆపరు. న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు లాగి దిగాడు. వెనక తలుపులు తీసి బరువు పెట్టెని ఛాతీకి ఆనించుకున్నాడు. వెనకాల రాతిగోడ. బండి అర నిమిషం ఆలోచించింది.

ఫోను వచ్చినప్పుడు ఓనరు చెమట పట్టి లేచి కూర్చున్నాడు. జ్వరం దిగింది. "ఆసుపత్రి వెనకాల..." అని అవతలి గొంతు మొదలుపెట్టగానే అతని కుడి చెయ్యి సీటు వెనక్కి పోయినట్టు గాల్లోకి పోయింది. ఎవరూ ఏమీ చెప్పకముందే అతనికి తెలిసిపోయింది.

*

బండి తిరిగి చేతికొచ్చాక అతను మొదట చేసిన పని సీటు వెనకాల చెయ్యి పెట్టడం. చెక్క అక్కడే ఉంది, తాడు చుట్టినది చుట్టినట్టే. దాన్ని గోనెగుడ్డలో చుట్టి ఇంట్లో అటక మీద పాత సామాను వెనక్కి తోసేశాడు. తర్వాత బండిని షెడ్డుకి తీసుకెళ్లాడు. మెకానిక్కు కిందకి దూరి, కేబులు మార్చి, చేతులు తుడుచుకున్నాడు. ముప్పావు గంట పట్టింది.

ముప్పావు గంట.

కంపెనీ నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. చాలా విచారిస్తున్నామని మొదటి పేరాలో ఉంది. రెండో పేరాలో, చనిపోయిన వ్యక్తికీ మాకూ ఏ సంబంధమూ లేదని ఉంది. అతను స్వతంత్ర వ్యాపారి అయిన ఫలానా యజమాని తన ఇష్టప్రకారం పెట్టుకున్న మనిషి. మూడో పేరాలో, బండిని పరిశీలించిన తమ నిపుణుడి మాట: హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా దిగడం వల్లే ప్రమాదం జరిగినట్టు కనబడుతోంది. నిజమే, బ్రేకు దించే ఉంది. వాణ్ణి బయటికి తియ్యడానికి బండిని ముందుకి తోసిన జనం దించారు. అది నిపుణుడికి ఎవరూ చెప్పలేదు.

ఆ ఉత్తరం బామ్మర్ది భార్య చదివింది. ఆమె ఓనరుకి చెల్లెలి వరస. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నోరారా "అన్నయ్యా" అనే పిలిచేది. ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుని వదినగారితో అంది:

"ఆయనకి ఎప్పుడూ తొందరే వదినా. పెళ్లిచూపులకి కూడా స్కూటరు స్టాండు వెయ్యకుండా దిగారు. పడిపోయింది. మా నాన్న నవ్వారు." మడత ఇంకోసారి నొక్కి, "ఒక్క బ్రేకు లాగితే ఏం పోయేది? నా మీద ఆ మాత్రం ధ్యాస లేకపోయింది" అంది.

ఓనరు అప్పుడు అన్నం తింటున్నాడు. ముద్ద నోట్లో ఉంది. ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. ముద్ద మింగాడు. దాంతోపాటు మాట కూడా. ఆవాళ మింగిన మాట మర్నాటికి రెండింతలైంది, నెలకి కొండంతైంది. ఏ రోజుకారోజు, రేపు చెబుదామనుకున్నాడు. మనిషి పిరికివాడు కాదు. కాని పక్కనే తమ్ముడి చొక్కా మడతపెడుతూ కూర్చున్న భార్యకి ఎలా చెప్పాలి, నీ తమ్ముడు తొందరపడి పోలేదే, నేను ఒక మాట మర్చిపోయినందుకు పోయాడే అని?

డ్రైవర్ల యూనియన్ తరఫు లాయరమ్మ కేసు వేసింది. ఆవిడ గట్టి మనిషి. మొదటి రోజే ఓనరునీ, చెల్లెల్నీ కూర్చోబెట్టి తేల్చి చెప్పింది.

"చూడమ్మా, పరిహారం రావాలంటే ముందు ఒక్క విషయం తేలాలి. మీ అన్నయ్య కంపెనీ మనిషా, సొంత యజమానా. కంపెనీ మనిషైతే, అతని బదులు వెళ్లిన నీ భర్తా కంపెనీ మనిషే. నీకు న్యాయం జరుగుతుంది."

"కాదంటే?" అని అడిగింది చెల్లెలు.

"కాదంటే నీ భర్తకి యజమాని ఈయనే. నువ్వు దావా వెయ్యాల్సింది ఈయన మీద."

చెల్లెలు ఓనరు వైపు చూసి, ఏడుస్తూనే చిన్నగా నవ్వింది. "బావ నా ఓనరని ఆయన ఊరికే అనేవారు."

"ఇంకో సంగతి," అంది లాయరమ్మ ఓనరుతో. "బ్రేకు విషయం వాళ్లు తప్పకుండా ఎత్తుతారు. చనిపోయినవాడి నిర్లక్ష్యమని రుద్దుతారు. బండిలో ముందునుంచీ ఏమైనా లోపముందా?"

"ఎడమ అద్దం వదులు," అన్నాడు ఓనరు.

*

విచారణ ఏడాది లోపే వచ్చింది. ఆ పొద్దున అతను ఎందుకో అటకెక్కి గోనెగుడ్డ మూట తీశాడు. టిఫిన్ సంచిలో పెట్టుకున్నాడు. చెబుదామనో, చెప్పకూడదనో అతనికే తెలియదు. ఇంట్లో వదిలి వెళ్లబుద్ధి కాలేదు, అంతే.

లేబర్ కోర్టు గది చిన్నది. నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను, గోడ మీద ఆగిపోయిన గడియారం. జడ్జిగారు జలుబుతో ఉన్నారు, మాటిమాటికీ రుమాలు తీస్తున్నారు. రెండో బెంచీ మీద అతని భార్య, ఆమె పక్కన చెల్లెలు.

లాయరమ్మ గేటు పుస్తకం, చొక్కా, మిషను అన్నీ చూపించింది. బదులు వచ్చిన మనిషికి గంటసేపు శిక్షణ ఇచ్చిందెవరు, చొక్కా తొడిగిందెవరు అని అడిగింది. సూపర్‌వైజర్ నెమ్మదిగానే ఒప్పుకున్నాడు. తర్వాత కంపెనీ లాయరు లేచాడు. పొట్టిగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడు.

"మీకు జ్వరం వస్తే మీ ఇష్టం వచ్చిన మనిషిని పంపారు. అవునా?"

"పంపాను."

"ఏ ఉద్యోగి అయినా తనకి ఒంట్లో బాగోలేదని తన బామ్మర్దిని ఆఫీసుకి పంపుతాడా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"పంపడు కదా. పంపగలిగింది యజమానే. సరే. ఆ మనిషి పదేళ్ల అనుభవమున్న డ్రైవరు. అయినా ఎత్తు మీద బ్రేకు వెయ్యకుండా దిగాడు. అంత అజాగ్రత్త మనిషని తెలిసీ మీరు పంపారా, తెలియక పంపారా?"

అదీ ప్రశ్న. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓనరు రెండో బెంచీ వైపు చూశాడు. చెల్లెలు తల దించుకుంది. సిగ్గుతో దించుకుంది. చచ్చిపోయిన మొగుడి తప్పుకి నలుగురిలో తల దించుకుని కూర్చుంది.

అతను సంచిలోంచి గోనెగుడ్డ తీసి విప్పి, చెక్కని బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి?" అన్నారు జడ్జిగారు.

"చక్రం కింద పెట్టుకునే చెక్కండీ. వాడు బ్రేకు వేశాడు. బండి తోసినవాళ్లు తర్వాత దాన్ని దించారు. ఆ బ్రేకు ఆగదు. రెండేళ్లుగా ఆగదు. నేను ఇది పెట్టుకుని నడిపాను. వాడికి ఈ సంగతి చెప్పడం మర్చిపోయాను."

లాయరమ్మ కాగితాలు కింద పెట్టేసింది. కంపెనీ లాయరు ముఖం వెలిగింది. యజమానికి లోపం తెలుసు, తెలిసీ బండి నడిపించాడు, ఇంతకంటే ఇంకేం కావాలని అతను అంటుండగానే జడ్జిగారు చెయ్యెత్తారు.

"రెండేళ్లు. ఎందుకు బాగుచేయించలేదు?"

"షెడ్డులో వరసలో పెడితే రోజు పోతుందండీ. రోజు ఆపితే ఇంకో బండి, ఇంకో మనిషిని నేనే పెట్టాలి. పెట్టకపోతే రూటు పోతుంది."

"ఎవరికైనా చెప్పారా?"

"సూపర్‌వైజర్‌కి చెప్పాను. బండి నీది, ఎప్పుడైనా చేయించుకో, పనిరోజు మాత్రం ఆపకు అన్నారు."

"మీకు పనిరోజు కానిదెప్పుడు?"

"వారానికి ఒకరోజండీ."

"ఆ రోజు చేయించుకోవచ్చుగా?"

"ఆ రోజు షెడ్డుకి కూడా సెలవండీ."

జడ్జిగారు రుమాలు తియ్యబోయి మానేశారు. సూపర్‌వైజర్ వైపు తిరిగి, "ఈయన చెబుతున్నది నిజమేనా?" అని అడిగారు. ఆ కుర్రాడు చాలాసేపు చెక్క వైపే చూశాడు. "నిజమేనండీ. నాకు పైనుంచి అలాగే చెప్పమని ఉండేది" అన్నాడు.

ఓనరు రెండో బెంచీ వైపు చూడలేదు. చూడకుండానే తెలుస్తోంది, చెల్లెలు తలెత్తిందని. తన భార్య దించిందని.

*

తీర్పు మూడు వారాలకి వచ్చింది. లాయరమ్మ మెట్ల మీదే చదివి వినిపించింది. తన సొంత బండిని బాగుచేయించుకోవడానికి ఒక్క రోజు ఆపుకునే స్వేచ్ఛ లేని మనిషిని యజమాని అనడం కాగితానికి చెల్లుతుందేమో గాని చట్టానికి చెల్లదని రాశారు. ఓనరు మొదటి రోజు నుంచీ కంపెనీ కార్మికుడే. అతని బదులు వెళ్లినవాడూ కార్మికుడే. బ్రేకు వేసే దిగాడు. అతని నిర్లక్ష్యం లేదు. పరిహారం కంపెనీ ఇవ్వాలి.

"గెలిచాం," అంది లాయరమ్మ. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. "మీరు ఆ చెక్క తియ్యకపోతే ఓడిపోయేవాళ్లం."

బస్టాపు దాకా ముగ్గురూ నడిచారు, ఆడవాళ్లిద్దరూ ముందు, అతను నాలుగడుగుల వెనక. బస్సు రావడానికి ముందు చెల్లెలు వెనక్కి తిరిగింది.

"అన్నయ్యా, ఆ చెక్క ఎక్కడుండేది?"

"సీటు వెనకాల."

"డ్రైవరు సీటు వెనకాలేనా?"

"ఊఁ."

"చేతికందేదేనా?"

అతను అబద్ధం ఆడొచ్చు. ఎక్కడో సామాను కింద ఉండేదని చెప్పొచ్చు. "అందేదే," అన్నాడు.

ఆమె తల ఊపింది, ఎవరో దారి చెబితే ఊపినట్టు. తిట్టలేదు. తిడితే బాగుండేది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని రోడ్డు అవతలికి చూసింది. ఆ తర్వాత ఆమె ఆ ఇంటి గడప తొక్కలేదు. వదినతో ఫోనులో మాట్లాడుతుంది. ఓనరు ఫోనెత్తితే, "వదిన లేదా అండీ?" అంటుంది. అన్నయ్యా అన్న మాట ఆ బస్టాపు దగ్గరే ఆగిపోయింది.

గోడౌనులో మాత్రం పండగలా ఉంది. తీర్పు ఒక్కడికి వచ్చినా నలభై మందికీ దారి చూపింది. కంపెనీ పై కోర్టుకి వెళ్లకుండా అందరికీ కొత్త కాగితాలిచ్చింది. ఇప్పుడు అందరూ ఉద్యోగులే. ఎవడో మిఠాయి డబ్బా తెచ్చాడు. అందరిలోకీ పెద్దవాడు, తాత అని పిలిచే డ్రైవరు, మొదటి ముక్క ఓనరు చేతిలో పెట్టాడు.

"తినరా ఓనరూ. ఇకనుంచి నువ్వు ఓనరువి కాదు, సంతోషించు."

అతను నోట్లో పెట్టుకోలేక జేబులో వేసుకున్నాడు. రూటంతా తిరిగి వచ్చేసరికి అది కరిగి చొక్కాకి అంటుకుపోయింది.

కొత్త కాగితం అతను బండిలో కూర్చుని చదివాడు. మూడో పేజీలో ఉంది: ఒంట్లో బాగోలేకపోతే ఏడాదికి పన్నెండు రోజులు సెలవు. బదులు మనిషిని చూసుకోవలసిన బాధ్యత కంపెనీది. అతను వేలు పెట్టి మళ్లీ చదివాడు. పన్నెండు రోజులు. తనకి కావాల్సింది మూడే. మూడు కూడా కాదు. రెండు రోజులు వాడు వెళ్లి క్షేమంగా తిరిగొచ్చాడు. మూడోరోజు ఒక్కటి.

బామ్మర్ది పోయి ఏడాది నిండటానికి ముందురోజు అతను ఆఫీసులోకి వెళ్లి సెలవు కాగితం నింపాడు. పదకొండేళ్లలో మొదటిది. సూపర్‌వైజర్ అందుకుని, అలవాటు కొద్దీ, "మరి మీ బదులు ఎవర్ని పంపిస్తున్నారు..." అని మొదలుపెట్టి, సగంలో నాలుక కరుచుకున్నాడు.

"ఎవర్నీ పంపను బాబూ," అన్నాడు ఓనరు.

ఏడాది నిండిన రోజు పొద్దున అతను లేవలేదు. గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. విచారణ జరిగిన నాటి నుంచీ భార్య అతనితో అవసరానికి మించి మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, తలుపు తీస్తుంది. ఏడు దాటాక ఆమె గదిలోకొచ్చి నిలబడింది.

"డ్యూటీకి వెళ్లలేదేం?"

"సెలవు పెట్టాను."

"జీతం కోస్తారా?"

"కొయ్యరంట."

ఆమె మంచం అంచున కూర్చుంది. చాలా రోజుల తర్వాత అంత దగ్గరగా కూర్చుంది. కిటికీలోంచి వీధి చప్పుళ్లు వస్తున్నాయి. ఎవరిదో బండి ఆగింది, తలుపు తీశారు, వేశారు, వెళ్లిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఆ రోజు కూడా ఎవర్నీ పంపకుండా ఇలాగే పడుకుని ఉంటే సరిపోయేది," అంది.

"ఊఁ," అన్నాడు.

"ఫోను చేసింది నేనేగా వాడికి," అంది.

అతను ఇటు తిరిగాడు. ఆమె అతని వైపు చూడటం లేదు, తన చేతుల వైపు చూసుకుంటోంది. ఏడాదిగా ఆమె కూడా ఒక ముద్ద మింగుకుని తిరుగుతోందని అతనికి అప్పుడు తెలిసింది. చెయ్యి చాచాడు. ఆమె పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. ఆ చెయ్యి వాళ్లిద్దరి మధ్య దుప్పటి మీద అలాగే ఉండిపోయింది.